ఒక్క మూలకానికి సొంతంగా ఇండెక్స్ కట్టుకోవడం ఎలా: బోల్టన్ దారి, మన తుమ్మలపల్లె యురేనియం

కెమిస్ట్రీలో రీసెర్చ్‌కి చేరిన పిల్లలు నన్ను మొదట అడిగేది ఒకటే: "మేడమ్, లిటరేచర్ సర్వే ఎక్కడ మొదలుపెట్టాలి?" నా జవాబు కూడా ప్రతిసారీ ఒకటే. ఒక పదార్థం పట్టుకోండి, ఒకే ఒక్కటి. దాని గురించి ఇప్పటిదాకా ఎవరెవరు ఏమేం రాశారో ఏళ్ల వరసలో చీటీల మీద ఎక్కించండి. రెండు నెలలు పడుతుంది, పట్టనివ్వండి, బీకరు ఆ తర్వాత ముట్టుకోవచ్చు. ఇది నేను కనిపెట్టిన పద్ధతి కాదు. హెన్రీ కారింగ్టన్ బోల్టన్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త 1870లోనే చేసి చూపించాడు, ఆయన మొదట పట్టుకున్న మూలకం యురేనియం. పులివెందుల పక్కన తుమ్మలపల్లెలో మనవాళ్లు తవ్వుతున్నదీ అదే కదా, అందుకే ఉదాహరణకి యురేనియాన్నే తీసుకుంటున్నాను. మీ పదార్థం వేరే అయినా పద్ధతి మారదు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే నేను దెబ్బ తిన్నాను. పీహెచ్‌డీ మొదటి ఏడాది నా లిటరేచర్ అంతా ఒక గుడ్డ సంచిలో జిరాక్స్ కాగితాల రూపంలో ఉండేది. బోరు నీళ్లలోంచి యురేనియం పట్టే ఒక రెసిన్ మీద నాలుగు నెలలు పని చేశాక, అదే పని దాదాపు అదే పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార స్థాయి) దగ్గర ఎప్పుడో ఎవరో చేసి థీసిస్ కూడా ఇచ్చేశారని తెలిసింది. ఆ థీసిస్ పేరు నా సంచిలోనే ఉంది, ఒక రివ్యూ పేపర్ చివరి పేజీలో, నేను చదవని రిఫరెన్సుల మధ్య! ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు ఏడు రోడ్ల దగ్గర ఒక స్టేషనరీ షాపులో అట్ట కొని, మూడు అంగుళాలకి ఐదు అంగుళాల ముక్కలు కోయించుకుని వచ్చాను. ఆ చీటీలు ఇప్పటికీ మూడు చెప్పుల డబ్బాల్లో ఉన్నాయి.

బోల్టన్ ఎవరో కొంచెం తెలుసుకోండి, ఆయన పని ఎందుకు అలా ఉందో అర్థమవుతుంది. 1843లో న్యూయార్క్‌లో పుట్టాడు. కొలంబియాలో డిగ్రీ చేసి యూరప్ వెళ్లి, ఆ కాలంలో కెమిస్ట్రీకి దిగ్గజాలనదగ్గ వాళ్ల దగ్గర చదివాడు. పారిస్‌లో డ్యూమా, వుర్ట్జ్, హైడెల్బర్గ్‌లో బున్సెన్, గోట్టింగెన్‌లో వోలర్. 1866లో గోట్టింగెన్‌లో డాక్టరేట్ వచ్చింది, విషయం యురేనియం ఫ్లోరిన్ సమ్మేళనాలు. అంటే యురేనియం గురించి రాసినవన్నీ తన అవసరం కోసం ముందే వెతుక్కున్నవాడు. చాలామంది థీసిస్ అవగానే ఆ కాగితాలు అటక మీద పడేస్తారు, ఆయన మాత్రం వాటిని సరిదిద్ది, వరసలో పెట్టి, తర్వాత వచ్చేవాడికి పనికొచ్చేలా అచ్చు వేయించాడు. నాకు ఆయన మీద గౌరవం మొదలైంది అక్కడే. తర్వాత మాంగనీసుకీ అలాంటి సూచికే చేశాడు, అది 1596 నుంచి 1874 దాకా. 1874 ఆగస్టు 1కి ప్రీస్ట్‌లీ ఆక్సిజన్ కనుక్కుని నూరేళ్లు నిండుతాయి, పండగ చేసుకుందామని ప్రతిపాదించింది కూడా ఆయనే. పెన్సిల్వేనియాలో ప్రీస్ట్‌లీ చివరి రోజులు గడిపిన నార్తంబర్లాండ్ ఊళ్లో ఆ సభ జరిగింది, అక్కడ కలిసినవాళ్ల మాటల్లోంచే రెండేళ్లకి అమెరికన్ కెమికల్ సొసైటీ పుట్టింది.

సరే, పనిలోకి వద్దాం.

అన్నిటికంటే ముందు హద్దులు గీయండి. "యురేనియం" అని మొదలుపెడితే జన్మ చాలదు. 1870లో బోల్టన్‌కి చాలింది, ఎందుకంటే రేడియోధార్మికత 1896లో గానీ బయటపడలేదు, 1938లో పరమాణువు చీలుతుందని తెలిశాక వచ్చిన రాతకి అంతే లేదు. అందుకని మీది చిన్నదిగా చేసుకోండి: "కడప బేసిన్‌లో (కడప చుట్టూ ఉన్న పాత అవక్షేప శిలల ప్రాంతంలో) యురేనియం", లేదా "కార్బొనేట్ రాయి నుంచి క్షారంతో యురేనియం తీయడం". ఈ రెండోది నాకు చాలా ఇష్టమైన విషయం. తుమ్మలపల్లె ఖనిజం ఉన్నది డోలమైట్ అనే కార్బొనేట్ రాయిలో, అందులో యాసిడ్ పోస్తే యాసిడ్ అంతా రాయే తాగేస్తుంది, అందుకే అక్కడ సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ ద్రావణంతో, ఒత్తిడిలో వేడి చేసి యురేనియాన్ని కరిగిస్తారు. అనంతపురం వాళ్లయితే బోరు నీళ్ల ఫ్లోరైడ్ తీసుకోండి, లేదా వజ్రకరూరు కింబర్లైట్ (వజ్రాలుండే రాయి). రైల్వే కోడూరు వైపు వాళ్లకి మంగంపేట బెరైటీస్ (బేరియం ఖనిజం) ఉండనే ఉంది. కర్నూలు, నంద్యాల వైపు వాళ్లకి బేతంచెర్ల సున్నపురాయి. ఊరికి దగ్గరి విషయమైతే ఒక లాభం ఉంది, అచ్చులో ఉన్నది తప్పో ఒప్పో మీ కళ్లతో మీరు వెళ్లి చూడొచ్చు.

తర్వాత పేర్ల జాబితా. దీన్ని ఎవరూ సీరియస్‌గా తీసుకోరు, సగం పేపర్లు జారిపోయేది మాత్రం ఇక్కడే. మన కడపనే చూడండి. 2005 దాకా ప్రభుత్వం వాడిన ఇంగ్లిష్ స్పెల్లింగ్ సి అక్షరంతో మొదలై, మధ్యలో రెండు డీలు, చివర హెచ్‌తో ఉండేది. జియాలజీ వాళ్లు బేసిన్ పేరుకి ఈనాటికీ అదే వాడతారు. 1872లో విలియం కింగ్ జియలాజికల్ సర్వే కోసం కడప, కర్నూలు శిలల మీద రాసిన పెద్ద గ్రంథంలో మాత్రం కడపకీ కర్నూలుకీ రెంటికీ కే అక్షరమే, స్పెల్లింగులు మళ్లీ వేరు. ఆ పైన జిల్లా పేరు వైఎస్సార్ అయింది. వేంపల్లె అని మనం అనేది పాత పుస్తకాల్లో వైంపల్లి. తుమ్మలపల్లెలో టీ పక్కన హెచ్ పెట్టేవాళ్లు ఉన్నారు, పెట్టనివాళ్లు ఉన్నారు, చివర ఇ రాసేవాళ్లు, ఐ రాసేవాళ్లు. బెరైటీస్‌కి ఇంగ్లిష్‌లోనే మూడు రకాల స్పెల్లింగులున్నాయి. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి గోడకి అంటించుకోండి, ప్రతి డేటాబేస్‌లోనూ ప్రతి స్పెల్లింగుతోనూ విడిగా వెతకండి. విసుగొస్తుంది. అయినా చేయాలి.

చీటీ మీద ఏం రాయాలి? బోల్టన్ పద్ధతి చాలా సాదా: ఏడాది, రచయిత, ఏం చేశాడు, ఎక్కడ అచ్చయింది. ఏడాది ఎడమవైపు పైన పెద్దగా రాయండి, ఎందుకంటే చీటీలు పేర్చేది ఏడాది వరసలో. రచయిత అక్షరక్రమంలో పేర్చాలనిపిస్తుంది, వద్దు. ఏళ్ల వరసలో పెడితే కథ దానంతట అదే కనబడుతుంది: 1789లో బెర్లిన్‌లో క్లాప్రోత్ పిచ్‌బ్లెండ్ అనే యురేనియం ఖనిజం నుంచి కొత్త లోహం తీశానన్నాడు, 1841లో పారిస్‌లో పెలిగో అది లోహం కాదు ఆక్సైడే అని చూపించి అసలు లోహం తీశాడు. మధ్యలో ఆ యాభై రెండేళ్లలో "యురేనియం లోహం" అని ఎవరు రాసినా అది ఆక్సైడ్ అని మీకు అర్థం కావాలంటే చీటీలు కాలక్రమంలో ఉండాలి. రచయితల పేర్లకి చివర్లో విడిగా ఒక పట్టిక రాసుకుంటే సరిపోతుంది.

"ఏం చేశాడు" అన్నచోట పేపర్ టైటిల్ కాపీ కొట్టకండి. టైటిల్ చెప్పేది ఒకటి, లోపల ఉండేది ఒకటి. మీ మాటల్లో, తెలుగులో అయినా సరే, ఒక్క వాక్యం రాయండి: ఏ రాయి, ఏ ద్రావణం, ఎంత వేడి, ఎంత వచ్చింది. వాక్యం రాయలేకపోతే మీరు పేపర్ చదవలేదని అర్థం.

ఒకే పని రెండు మూడు చోట్ల అచ్చవడం అప్పట్లో మామూలు. జర్మన్‌లో వచ్చింది ఫ్రెంచిలోకీ ఇంగ్లిష్‌లోకీ పోయేది, ఒక్కోసారి పూర్తిగా, ఒక్కోసారి సారాంశంగా. బోల్టన్ వాటన్నిటినీ ఒకే పేరు కింద పెట్టాడు, లైబ్రరీలో ఏ పత్రిక ఉంటే ఆ పత్రికలో చదువుకోవచ్చని. ఇప్పుడూ అంతే: కాన్ఫరెన్స్‌లో ఒకసారి, జర్నల్‌లో ఒకసారి, థీసిస్‌లో ఒక అధ్యాయంగా ఒకసారి. మూడు చీటీలు వద్దు, ఒకే చీటీ మీద మూడు చిరునామాలు రాయండి. లేకపోతే ఒకే ఫలితాన్ని మూడుసార్లు లెక్కపెట్టి "చాలామంది ఇలా చెప్పారు" అని రాసేస్తారు.

ఇప్పుడు అసలైన జాగ్రత్త. ఎవరి రిఫరెన్సూ చూడకుండా నమ్మొద్దు. సంపుటం నంబరు, ఏడాది రెండూ పొంతన కుదరాలి. బోల్టన్ 1665 నుంచి వెలువడిన సైన్సు పత్రికలన్నిటికీ ఒక పెద్ద కేటలాగ్ చేశాడు, స్మిత్సోనియన్ సంస్థ దాన్ని 1885లో వేసింది, అందులో ఏ ఏడాదికి ఏ పత్రిక ఎన్నో సంపుటమో చూపించే పట్టికలున్నాయి. ఒక మనిషి కూర్చుని అలాంటి పట్టికలు తయారు చేశాడంటే ఎన్ని తప్పుడు రిఫరెన్సులు చూసి విసిగి ఉంటాడో! మీకు అంత పట్టిక అక్కర్లేదు, మీరు ఎక్కువగా వాడే నాలుగైదు జర్నళ్లకి లెక్క తెలిస్తే చాలు. అమెరికన్ కెమికల్ సొసైటీ జర్నల్ మొదటి సంపుటం 1879లో వచ్చింది, కాబట్టి సంపుటం సంఖ్యకి 1878 కలిపితే ఏడాది వస్తుంది. 22వ సంపుటం అంటే 1900. ఎవరైనా 22వ సంపుటం, 1902 అని రాస్తే రెండింట్లో ఒకటి తప్పు, వెళ్లి చూసుకోవాల్సిందే.

మీ కళ్లతో చూసిన పేపర్‌కి చీటీ మూలన పచ్చ చుక్క పెట్టండి, ఇంకొకరి రిఫరెన్స్ నుంచి ఎత్తుకున్నదానికి ఎర్ర చుక్క. ఇది నా సొంత అలవాటు. సెమినార్‌లో నన్ను ఒకసారి బయటి నుంచి వచ్చిన ప్రొఫెసర్ "ఈ పేజీ మీరు చూశారా?" అని అడిగారు, నేను చూడలేదు, ఆ పేజీలో అసలు ఆ విషయమే లేదు. చెమటలు పట్టాయి. ఎర్ర చుక్కలు ఉన్నంతసేపు థీసిస్‌లోకి ఆ రిఫరెన్స్ వెళ్లకూడదు, అంతే.

పాత పేపర్లలోని ఫార్ములాల దగ్గర చాలామంది బోల్తా పడతారు. పెలిగో కాలం నుంచి యురేనియం పరమాణు భారం 120 అనుకున్నారు. మెండెలీవ్ తన ఆవర్తన పట్టికలో దానికి సరైన చోటు దొరకాలంటే 240 కావాలని రెట్టింపు చేశాడు, ఆయనే కరెక్ట్ అని తేలింది. దీనివల్ల ఏమవుతుందంటే, పాత పేపర్‌లో రెండు యురేనియంలు మూడు ఆక్సిజన్లు అని కనబడితే అది ఇప్పటి లెక్కలో ఒక యురేనియం మూడు ఆక్సిజన్లు. ఒకటికి ఒకటి అని ఉంటే ఇప్పుడు ఒకటికి రెండు. మూడుకి నాలుగు అని ఉంటే మన పిచ్‌బ్లెండ్ ఆక్సైడే, మూడుకి ఎనిమిది. చీటీ మీద రచయిత రాసిన ఫార్ములా అలాగే ఉంచి, పక్కన బ్రాకెట్లో ఇప్పటి ఫార్ములా రాయండి. దిద్దేసి పాతది చెరిపేయొద్దు, రేపు ఇంకొకరు ఒరిజినల్‌తో పోల్చుకోవాలి. మన సి.పి. బ్రౌన్ కడపలో పండితుల్ని కూర్చోబెట్టి చేయించిన పనీ ఇదే కదా: ఒకే కావ్యానికి నాలుగైదు తాళపత్ర ప్రతులు తెప్పించి, పాఠాలు పక్కపక్కన పెట్టి సరిచూడటం. బ్రౌన్ పేరుతో ఉన్న మన భాషా పరిశోధన కేంద్రానికి ఒకసారి వెళ్లి రండి, కెమిస్ట్రీ చదివేవాళ్లు కూడా.

సమ్మేళనాలు ఎక్కువైతే ఏళ్ల వరస ఒక్కటే చాలదు, ఫార్ములాతో వెతుక్కునే పట్టిక కావాలి. దీనికి వాషింగ్టన్‌లో పేటెంట్ ఆఫీసులో పనిచేసిన ఎడ్విన్ హిల్ 1900లో చెప్పిన వరసని మించింది లేదు, కెమిస్ట్రీ పేపర్ల సారాంశాలు వేసే కెమికల్ అబ్‌స్ట్రాక్ట్స్ వాళ్ల ఫార్ములా ఇండెక్స్ 1920 నుంచి దాని మీదే నడిచింది. రూల్ చిన్నది. కార్బన్ ఉంటే ముందు కార్బన్, తర్వాత హైడ్రోజన్ ఉంటే హైడ్రోజన్, మిగతావి ఇంగ్లిష్ గుర్తుల అక్షరక్రమంలో. కార్బన్ లేకపోతే హైడ్రోజన్‌తో సహా అన్నీ అక్షరక్రమమే. తుమ్మలపల్లెలో చివరికి వచ్చేది సోడియం డైయురేనేట్. కార్బన్ లేదు, కాబట్టి సోడియం 2, ఆక్సిజన్ 7, యురేనియం 2 అనే వరస (సోడియం గుర్తు ఎన్‌తో మొదలవుతుంది, పేరులోని ఎస్ చూసి పొరబడొద్దు). దానికి ముందు ద్రావణంలో ఉండే యురేనిల్ కార్బొనేట్ ఉప్పులో కార్బన్ ఉంది, అందుకని కార్బన్ 3, సోడియం 4, ఆక్సిజన్ 11, యురేనియం 1. ఒక సాయంత్రం కూర్చుంటే చేతికి అలవాటైపోతుంది.

ప్రతి పదార్థానికీ కెమికల్ అబ్‌స్ట్రాక్ట్స్ వాళ్లు ఇచ్చే, 1965 నుంచి వాడుకలో ఉన్న సీఏఎస్ నంబరు కూడా చీటీ మీద రాయండి, పేర్ల గొడవ చాలావరకు తీరిపోతుంది. రాసేటప్పుడు అంకె తప్పితే పట్టుకునే ఏర్పాటు ఆ నంబరులోనే ఉంది. యురేనియం నంబరు 7440-61-1. చివరి 1 పక్కన పెట్టి, మిగతా అంకెల్ని కుడి నుంచి ఎడమకి ఒకటితో, రెండుతో, మూడుతో అలా గుణిస్తూ కూడండి: 1, 12, 0, 16, 20, 42. మొత్తం 91. దాని చివరి అంకె 1, నంబరు చివరా 1, సరిపోయింది.

ఎక్కడ వెతకాలి అంటే, మన పిల్లలకి ఇప్పుడున్న సౌకర్యం నా రోజుల్లో లేదు. 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ (దేశమంతటికీ కలిపి కేంద్రమే జర్నళ్లకి చందా కట్టే పథకం) వచ్చాక ప్రభుత్వ యూనివర్సిటీల్లో, అంటే కడప యోగి వేమనలోనో అనంతపురం కృష్ణదేవరాయలోనో కర్నూలు రాయలసీమలోనో కూర్చుని పెద్ద పెద్ద జర్నళ్లు తెరవొచ్చు, మీ లైబ్రరీలో లాగిన్ గురించి అడగండి. థీసిస్‌లకి శోధ్‌గంగ, మన దేశంలోని యూనివర్సిటీల థీసిస్‌లు దొరికే వెబ్‌సైట్. యురేనియానికి అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 1970 నుంచి నడుపుతున్న ఐనిస్ అనే డేటాబేస్ ఉచితం, మన అణుశక్తి శాఖ రిపోర్టులు ఇంకెక్కడా కనబడనివి అందులో దొరుకుతాయి. కరెంట్ సైన్స్ పత్రిక పాత సంచికలు కూడా ఉచితమే. గూగుల్ స్కాలర్ వాడండి, కానీ మొదటి రెండు పేజీలతో ఆగిపోవద్దు, పాత పేపర్లు ఎక్కడో అడుగున ఉంటాయి. ఇన్‌ఆర్గానిక్ పాత సమాచారానికి గ్మెలిన్ హ్యాండ్‌బుక్, ఆర్గానిక్‌కి బైల్‌స్టైన్. ఈ రెండూ జర్మన్‌లో మొదలైనవే అయినా రిఫరెన్సులు ఏరుకోవడానికి భాష అడ్డం రాదు, ఫార్ములా, పేరు, సంపుటం, పేజీ కళ్లకి కనబడతాయి.

అట్ట చీటీలే కావాలా, కంప్యూటర్ ఉందిగా అంటారు. వాడండి, రిఫరెన్సులు దాచుకునే జొటెరో సాఫ్ట్‌వేర్ ఉచితం, బాగుంటుంది. ఎక్సెల్ అయినా సరిపోతుంది, పైన చెప్పినవన్నీ ఒక్కో కాలమ్‌గా పెట్టుకోండి. నేను మొదటి యాభై మాత్రం చేత్తో రాయమంటాను. ఒక్క క్లిక్కుతో చేరిపోయిన పేపర్ మెదడులోకి చేరదు, ఈ విషయంలో నా పిల్లలు ఎంత వాదించినా నేను మారలేదు.

ఈ పని ఒక్కళ్లే మోయాల్సిందీ కాదు. 1882లో బోల్టన్ మాంట్రియల్‌లో జరిగిన అమెరికా సైన్సు అసోసియేషన్ సభలో రసాయన సాహిత్యం గురించి మాట్లాడాక, సూచికల కోసమే ఒక కమిటీ ఏర్పడింది, దానికి ఆయనే పెద్ద. కమిటీ చేసింది ఏమిటంటే, ఎవరు ఏ పదార్థం తీసుకున్నారో నమోదు చేసి, ఇద్దరు ఒకే పని చేయకుండా చూడటం. జీతం లేదు, అంతా స్వచ్ఛందం. కమిటీ రాకముందే ఒకరు టైటానియం, ఒకరు వెనేడియం, లీడ్స్ అనే ఆయన ఓజోన్ చేసి ఉన్నారు. మార్తా డోన్ అనే ఆవిడ థాలియం తీసుకుని, ఆ మూలకం బయటపడిన 1861 నుంచి 1896 దాకా ఉన్నదంతా ఏర్చి కూర్చారు, 1899లో స్మిత్సోనియన్ అచ్చు వేసింది. ఆ రోజుల్లో ఒక స్త్రీకి కెమిస్ట్రీలో అంత చోటు దొరకడమే గొప్ప, మా ఆడపిల్లలకి ఆ పేరు తప్పకుండా చెబుతాను. మన మూడు యూనివర్సిటీల స్కాలర్లు ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకుని ఫ్లోరైడ్ ఒకరు, బెరైటీస్ ఒకరు, యురేనియం ఒకరు, పులివెందుల ఆస్‌బెస్టాస్ ఒకరు అని పంచుకుంటే ఏడాదిలో మన సీమ ఖనిజాలకి సూచికలు సిద్ధమవుతాయి. ఇది ఎవరి అనుమతీ అక్కర్లేని పని.

బోల్టన్ చివరికి ఎంత దూరం వెళ్లాడంటే, 1492 నుంచి 1892 దాకా నాలుగు వందల ఏళ్ల కెమిస్ట్రీ పుస్తకాలన్నిటికీ, పన్నెండు వేలకి పైగా పేర్లతో, 1893లో ఒక బిబ్లియోగ్రఫీ తెచ్చాడు. నిఘంటువులకి ఒక విభాగం, చరిత్రకి ఒకటి, జీవిత చరిత్రలకి ఒకటి, రసవాదానికి కూడా ఒకటి. రసవాదాన్ని పిచ్చి అని తీసిపారేయలేదు. 1903లో వాషింగ్టన్‌లో చనిపోయేదాకా దానికి అనుబంధాలు చేరుస్తూనే ఉన్నాడు, ఆఖరిది ఆయన పోయాక 1904లో వచ్చింది. ఇదే మనిషి పిల్లలు ఆటలో దొంగ ఎవరో తేల్చుకోవడానికి పాడుకునే లెక్క పాటల్ని కూడా ఎన్నో భాషల్లో ఏరి 1888లో పుస్తకం వేశాడు. ఖనిజాలు పరీక్షించడానికి కొండల్లోకి యాసిడ్ సీసాలు మోయలేక సిట్రిక్ యాసిడ్ పొడి చాలని చూపించిందీ ఆయనే. మీ ఇంటి ముందు కడప బండని కాస్త గీరి, రాలిన పొడి మీద నిమ్మకాయ పిండి చూడండి, సన్నగా బుడగలొస్తాయి.

చివరి సంగతి. పూర్తయ్యాక అట్ట మీద పదార్థం పేరుతో పాటు ఏళ్లు రాయండి, బోల్టన్ రెండోసారి వేసిన యురేనియం సూచిక మీద 1789 నుంచి 1885 అని ఉన్నట్టుగా. ఏ డేటాబేస్‌లు చూశారో, ఏ స్పెల్లింగులతో వెతికారో, ఏ తేదీన ఆపారో మొదటి పేజీలో రాయండి. ఎర్ర చుక్కలు ఇంకా ఎన్ని మిగిలాయో కూడా దాచకుండా రాయండి. ఒక కాపీ డిపార్ట్‌మెంట్ లైబ్రరీలో ఇవ్వండి. మీరు 2025 డిసెంబరు దగ్గర ఆపారని ఆ పేజీలో ఉంటే, మీ తర్వాత వచ్చే అమ్మాయి 2026 జనవరి నుంచి మొదలుపెడుతుంది.